పాలిగోనం, పెర్సికేరియా జాతుల వివేచన: చరిత్ర

చెఱువుగట్లమీదను, కాలువల అంచులందును, నీరు నిలిచిన పల్లములందును ఎఱ్ఱని కణుపులతోను, తెల్లని లేక గులాబి వన్నె కంకులతోను గుంపులుగా పెరుగు పాలిగోనేసీ కుటుంబపు గుల్మములను జాతి వెంట జాతిగా గుర్తించుట వృక్షశాస్త్రజ్ఞులకు రెండు శతాబ్దులకు పైగా కఠినపరీక్షగా నున్నది. ఈ మొక్కల ఆకులు నేలతడినిబట్టి పొడవును వెడల్పును మార్చుకొనును. పూవన్నె ఒకే మడుగులో తెలుపునుండి గాఢమైన గులాబి వఱకు మాఱును. ఉత్తరార్ధగోళపు సమశీతోష్ణ మండలములలోని పెర్సికేరియా ఆంఫీబియా యైతే నీటిలో తేలునపుడు నున్నని ఆకులతోను, గట్టుమీద మొలిచినపుడు నూగుగల సన్నని ఆకులతోను కానవచ్చి, ఒకే జాతిని రెండని నమ్మించును. కంటికి మొదట తగులు లక్షణములను విడిచి, సూక్ష్మములైనను స్థిరములైన లక్షణములను వెదకుటయే ఈ వివేచనకు మార్గమయ్యెను.

ఫ్రెంచి పండితుడైన టూర్న్‌ఫోర్ పదునెనిమిదవ శతాబ్ది ప్రారంభముననే పెర్సికేరియా, బిస్టోర్టా, ఫాగోపైరం అను వానిని పాలిగోనమునుండి వేరుచేసి చూపియుండెను. అయినను 1753లో లిన్నేయస్ తన 'స్పీషీస్ ప్లాంటారం' గ్రంథమున వీనినన్నిటిని పాలిగోనం అను ఒక్క ప్రజాతిలో చేర్చెను. కేసరముల సంఖ్యను, కీలముల సంఖ్యను ఆధారముగా గొన్న ఆయన పద్ధతి నేర్చుకొనుటకు మిక్కిలి సులభమైనదే కాని, కేసరములు అయిదు మొదలు ఎనిమిది వఱకు మాఱుచుండు ఈ మొక్కల విషయమున అది తగిన కొలమానము కాదు. మరుసటి యేడే ఇంగ్లండులో ఫిలిప్ మిల్లర్ పెర్సికేరియాను తిరిగి ప్రత్యేకించెను. 1763లో ఆడన్సన్ తీగజాతులకు ఫలోపియా అను ప్రజాతిని కల్పించెను. అయితే లిన్నేయస్ ప్రతిష్ఠ గొప్పది. 1826లో ఈ ప్రజాతిపై ప్రత్యేక గ్రంథము రచించిన మైస్నర్ గాని, బ్రిటిషిండియా వృక్షసంపదను వర్ణించిన హూకర్ గాని, మదరాసు రాజధాని మొక్కలను వర్ణించిన గాంబుల్ గాని పాలిగోనమను విశాలనామమునే నిలిపిరి. ఆంధ్రదేశపు కళాశాలలలో చదువుకొన్నవారు చిరకాలము ఆ పేరుననే వీనిని ఎఱిగియుండుట అందువలననే.

ప్రజాతినామము ఎట్లున్నను, జాతులను వేఱుపరచు పని క్షేత్రమున సాగుచునే యుండెను. ఈ కుటుంబమున ఆకుతొడిమ మొదట పత్రపుచ్ఛములు కలిసి, కాండమును గొట్టమువలె చుట్టుకొని పలుచని పొర యేర్పడును. దానిని ఓక్రియా యందురు. పువ్వు లేనపుడు సైతము మొక్కను పట్టి యిచ్చునది ఇదియే. మన చెఱువులలో కలిసి పెరుగు పెర్సికేరియా గ్లాబ్రా, పెర్సికేరియా బార్బేటా అను రెండును గన్నేరాకును పోలిన ఆకులతో దూరమునుండి ఒక్కటే యనిపించును. గ్లాబ్రా ఓక్రియా అంచు నున్నగా తెగినట్లుండును; బార్బేటా ఓక్రియా అంచున గొట్టమంత పొడవు వెండ్రుకలు నిలిచియుండును. ఇంత స్పష్టమైన భేదమును విడిచి ఆకుల వెడల్పును కొలుచుచు కూర్చుండుట వ్యర్థశ్రమ. ఆకు నడుమ నల్లనిమచ్చ యుండుట పెర్సికేరియా మాక్యులోసాకు గుర్తని పూర్వులు వ్రాసిరి గాని, ఆ మచ్చ లపాథిఫోలియా యందును కనబడుచు, మాక్యులోసా యందే ఒక్కొక్కప్పుడు లేకపోవుచు నుండును. లపాథిఫోలియాను గుర్తింపవలెనన్న దాని పరిపత్రములపై లంగరు కొక్కెములవలె చీలి వంగు ఈనెలను చూడవలెను. కారపురుచి గల హైడ్రోపైపర్ పరిపత్రములపై చుక్కలవంటి గ్రంథులుండును. అమెరికాలో దానితో భ్రమింపజేయు పంక్టేటాకును ఆ చుక్కలుండుటచే, కాయ యొక్క మెఱపును పరీక్షింపవలసివచ్చును: హైడ్రోపైపర్ కాయ మెఱపులేనిది, పంక్టేటా కాయ నిగనిగలాడునది.

ఇరువదవ శతాబ్దిలో సూక్ష్మదర్శిని ఈ ప్రజాతివిభజన వివాదమును క్రొత్తదారి పట్టించెను. 1946లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు హెడ్‌బర్గ్ పుప్పొడి రేణువులను పరిశీలించి, విశాలార్థమున పాలిగోనమని పిలువబడు సముదాయమున పరస్పరము పొంతనలేని రేణురూపములున్నవని నిరూపించెను. పెర్సికేరియా రేణువు ఉపరితలమంతయు వలవలె అల్లుకొని అనేక రంధ్రములు కలిగియుండగా, అసలు పాలిగోనపు రేణువు మూడు గాళ్లు మాత్రము కలిగియుండును. 1978లో హారల్డ్‌సన్ అంతర్నిర్మాణమును, 1988లో రాన్స్ డిక్రేన్, ఏకరాయిడ్‌లు పుష్పలక్షణములను ఆధారముగా గొని ఈ విభజననే బలపఱచిరి. టూర్న్‌ఫోర్ కంటితో చూచి చేసిన విభాగము సుమారు మూడువందల యేండ్లకు ఇట్లు సమర్థింపబడుట అతని సూక్ష్మదృష్టికి గొప్ప గౌరవము. పిదప వచ్చిన డి.ఎన్.ఏ. పరిశోధనలు మరియొక చిక్కును బయలుపఱచెను: 44 క్రోమోసోములు గల మాక్యులోసా, 22 గల లపాథిఫోలియా ఒక జనకముగా కలిగిన సంకరమునుండి పుట్టినదని 2008లో తేలెను. ఆ రెండింటిని వేఱుచేయలేక పూర్వులు పడిన కష్టము వారి లోపము కాదు, మొక్కల పుట్టుకలోనే యున్నది.

ఈ కుటుంబమునకే చెందిన, జపాను దేశపు దీర్ఘకాయమైన రెనూట్రియా జపానికా చరిత్రము వేఱుగా చెప్పదగినది. దీనిని 1777లో హౌటైన్ వర్ణించెను. 1846లో సీబోల్డ్, జుకారినీలు పాలిగోనం కస్పిడేటం అని మఱల పేరు పెట్టిరి. ఈ రెండును ఒకే మొక్క యని చాలకాలము ఎవరును గమనింపలేదు. అలంకారమునకై యూరపునకు తెచ్చిన ఈ మొక్క తోటలు దాటి నదీతీరముల నాక్రమించెను. దీని ఆకు మొదలు సమముగా తెగినట్లుండగా, దాని బంధువైన సఖాలినెన్సిస్ ఆకు మొదలు హృదయాకారమున నుండును. రెండింటి సంకరమైన బొహెమికాకు 1983లో చెకొస్లొవాకియా శాస్త్రజ్ఞులు నామకరణము చేయువఱకు జనులు దానిని జపానికాగానే భావించుచుండిరి. ఆకు అడుగున ఈనెలపై పొట్టి గట్టివెండ్రుకలున్నచో సంకరమనియు, పొడవైన మెత్తనివున్నచో సఖాలినెన్సిస్ అనియు, బుడిపెలు మాత్రమే యున్నచో జపానికా యనియు భూతద్దముతో నిర్ణయింపవచ్చును.

ఈ మొక్కలను సేకరించు విద్యార్థులు కొమ్మకొనను మాత్రము త్రుంచి తెచ్చుట మానవలెను. ఓక్రియా చెదరని కణుపు, విచ్చిన పువ్వు, పండిన కాయ మూడును లేని నమూనాకు జాతినామము వ్రాయరాదు.