బూన్ ఇంటి బలగం

1784లో జాన్ ఫిల్సన్ అనే బడిపంతులు కెంటకీ ప్రాంతం మీద ఒక పుస్తకం అచ్చు వేయించాడు. డేనియల్ బూన్ సాహసాలు అందులో ఒక భాగం. భుజాన తుపాకీతో కారడవిలో ఒంటరిగా సాగిపోయే మగవాడి బొమ్మ అలా లోకం కళ్లకు కట్టింది. ఇంటి చరిత్ర తిరగేస్తే మాత్రం ఆ మనిషి చుట్టూ అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, వియ్యాలవారు, పిల్లాజెల్లాతో ఒక పెద్ద బలగమే కనిపిస్తుంది. అడవి దాటింది ఆ బలగం.

తండ్రి స్క్వైర్ బూన్ ఇంగ్లండులోని డెవన్ నుంచి పెన్సిల్వేనియాకు వచ్చిన నేతగాడు. కమ్మరం కూడా చేసేవాడు. క్వేకర్ మతస్థుడు. 1720లో సారా మోర్గాన్‌ను పెళ్లాడాడు. పదకొండుమంది సంతానంలో 1734లో పుట్టిన డేనియల్ ఆరోవాడు. పెద్ద కూతురు మతం బయటివాణ్ణి చేసుకున్నప్పుడు స్క్వైర్ సమాజం ముందు తప్పు ఒప్పుకున్నాడు. కొడుకు ఇజ్రాయెల్ కూడా అదే పని చేసినప్పుడు మాత్రం తలవంచలేదు. వెలివేశారు. కొత్త నేల మీద ఆశ కూడా తోడై, 1750లో ఇల్లంతా దక్షిణానికి, నార్త్ కరొలైనాలోని యాడ్కిన్ లోయకు కదిలింది.

అక్కడ బ్రయన్ల కుటుంబంతో వియ్యం కలిసింది. డేనియల్ 1756లో రెబెక్కా బ్రయన్‌ను పెళ్లి చేసుకున్నాడు. చెల్లెలు మేరీ కూడా ఆ ఇంటి కోడలే అయింది. తర్వాత కెంటకీలో ఎవరు ఎవరి పక్కన గుడిసె వేసుకున్నారో చూస్తే, ఈ చుట్టరికాలే చాలావరకు దారి చూపాయని తెలుస్తుంది.

కెంటకీ ఖాళీ నేల కాదు. షానీ, చెరోకీ అనే స్థానిక తెగలకు అది వేటభూమి. 1773లో బూన్ కుటుంబాలు మొదటిసారి బయలుదేరినప్పుడు, వెనక వస్తున్న చిన్న గుంపు మీద దాడి జరిగింది. పదహారేళ్ల పెద్ద కొడుకు జేమ్స్ చనిపోయాడు. నక్కి ప్రాణం దక్కించుకున్న ఆడమ్ అనే నల్లజాతి బానిస చెప్పబట్టే ఆ రాత్రి ఏం జరిగిందో తెలిసింది. 1775లో రిచర్డ్ హెండర్సన్ కంపెనీ చెరోకీ పెద్దల నుంచి సుమారు 2 కోట్ల ఎకరాలు కొన్నానంది. యువనాయకుడు డ్రాగింగ్ కనూ ఆ బేరాన్ని గట్టిగా ఎదిరించాడు. బూన్ మాత్రం ఆ కంపెనీ తరఫున దాదాపు 30 మంది గొడ్డళ్లవాళ్లతో కంబర్లాండ్ కనుమ గుండా బాట కొట్టాడు. ఆ బాట చివర బూన్స్‌బరో కోట లేచింది.

1776 జూలై. కూతురు జెమైమా కాలికి దెబ్బ తగిలి, నీళ్లలో పెట్టుకుంటే హాయిగా ఉంటుందని కాలవే అనే కుటుంబంలోని ఇద్దరు ఆడపిల్లలతో కలిసి పడవెక్కింది. అవతలి ఒడ్డున షానీ, చెరోకీ యోధులు వాళ్లను పట్టుకున్నారు. పిల్లలు బెంబేలెత్తిపోలేదు. కొమ్మలు విరుస్తూ, బట్టపేలికలు జారవిడుస్తూ, బురదలో మడమ నొక్కుతూ నడిచారు. ఆ జాడ పట్టుకునే మూడో రోజున వాళ్లను విడిపించగలిగారు. పేరు తండ్రికి వచ్చింది గానీ, ఆ తెలివి పిల్లలది.

1778లో ఉప్పు వండటానికి వెళ్లిన డేనియల్ షానీలకు చిక్కాడు. నాయకుడు బ్లాక్‌ఫిష్ అతన్ని కొడుకుగా దత్తత తీసుకున్నాడు. భర్త చనిపోయాడనుకుని రెబెక్కా పిల్లలను వెంటబెట్టుకుని కొండలు దాటి పుట్టింటివారి దగ్గరికి వెళ్లిపోయింది. అతను తప్పించుకుని వచ్చేసరికి కోటలో ఎదురొచ్చింది పెళ్లయిన జెమైమా. నాలుగేళ్ల తర్వాత బ్లూ లిక్స్ పోరులో ఇజ్రాయెల్ అనే మరో కొడుకు నేలకొరిగాడు.

ఇంత పోగొట్టుకున్నా భూమి దక్కలేదు. హెండర్సన్ కొనుగోలును వర్జీనియా కొట్టేసింది. 1779 చట్టం ప్రకారం, 1778కి ముందే వచ్చి స్థిరపడినవారికి 400 ఎకరాలు. హద్దులేమో ఫలానా చెట్టు, ఫలానా వాగు. ఒకే నేలకు ముగ్గురు నలుగురు హక్కుదారులు తేలి, కోర్టులు దావాలతో నిండిపోయాయి. సర్వేయరుగా పనిచేసిన డేనియల్ కూడా అప్పులపాలై, 1799లో స్పెయిన్ ఏలుబడిలోని మిస్సోరీకి వెళ్లాడు. అక్కడ దక్కిన సుమారు 850 ఎకరాలూ ఆ ప్రాంతం అమెరికా చేతికి వచ్చాక కాగితాలు సరిగా లేవని పోయాయి. 1814లో అమెరికా కాంగ్రెస్ తిరిగి ఇస్తే, బాకీలవాళ్ల కోసం అమ్మేశాడు. 1820లో చిన్నకొడుకు నేథన్ ఇంట్లో కన్నుమూశాడు.

ఈ ఇంటి సంగతుల్లో చాలా భాగం మనకు దక్కడానికి కారణం లైమన్ డ్రేపర్. డేనియల్ జీవితచరిత్ర రాయాలని 1851లో ఆయన నేథన్ ఇంటికి వెళ్లి, భార్యాభర్తలిద్దర్నీ కూర్చోబెట్టి అడిగి రాసుకున్నాడు. పదహారేళ్లకే పెళ్లయి మిస్సోరీకి బయలుదేరిన కోడలు ఆలివ్, నది దాటిన తీరు చెప్పింది: భర్త తెడ్లు వేస్తుంటే, పడవకు దారి పట్టిస్తూ, పక్కన ఈదుతున్న గుర్రాల కళ్లేలు తానే పట్టుకుందట. అప్పటికి రెబెక్కా పోయి దాదాపు నలభై ఏళ్లు. ఆమె మాట ఎవరూ అడిగి రాసుకోలేదు. డ్రేపర్ ఆ జీవితచరిత్ర పూర్తి చేయకుండానే 1891లో మరణించాడు. ఆయన సేకరించిన కాగితాలు విస్కాన్సిన్ హిస్టారికల్ సొసైటీలో ఉన్నాయి.