టీకా వలన కీడు: పరిహారము ఎవరి బాధ్యత?

పసిబిడ్డకు టీకా వేయించి యింటికి తెచ్చిన తల్లి ఆ రాత్రి రెండు మూడు మారులు లేచి బిడ్డ నుదుట చేయి వైచి చూచుకొనుట మన యిండ్లలో అందరును ఎరిగినదే. కొంచెము జ్వరము వచ్చును, మరునాటికి తగ్గును, భయము తీరును. కాని ఎన్నడో ఒకప్పుడు, ఎక్కడనో ఒకచోట, ఆ భయమే నిజమైనచో ఆ తల్లి ఎవరి గుమ్మము తొక్కవలెను? మందు తయారుచేసిన కంపెనీదా? టీకా వేయించుకొమ్మని చాటించిన ప్రభుత్వముదా? ఈ ప్రశ్నకు వివిధ దేశముల న్యాయస్థానములు చెప్పిన సమాధానములకు ఒక చరిత్ర కలదు. దానిని నేడు శ్రోతలకు మనవి చేయదలచితిమి.

1952వ సంవత్సరమున అమెరికాలో దాదాపు 58,000 మందికి పోలియో సోకెను. వేసవి వచ్చినదనిన తల్లిదండ్రులు పిల్లలను ఈతకొలనులకు పంప వెరచెడివారు. అట్టి సమయమున డాక్టర్ జోనాస్ సాల్క్ పోలియో వైరసును ఫార్మాల్డిహైడుతో చంపి టీకామందు తయారుచేసెను. 1954లో జరిగిన పరీక్షలలో దాదాపు 18 లక్షల మంది పిల్లలు పాల్గొనిరి. 1955 ఏప్రిల్ 12వ తేదీన ఆ టీకా సురక్షితమని, ఫలవంతమని మిషిగన్ విశ్వవిద్యాలయమున ప్రకటింపగా దేశమంతయు పండుగ చేసికొనెను. ఆనాడే తయారీదారులకు లైసెన్సులు దొరకెను.

ఆ సంతోషము రెండు వారములైన నిండుగా నిలువలేదు. కాలిఫోర్నియాలో బర్క్‌లీ నగరమునందలి కట్టర్ లేబొరేటరీస్ మందు వేయించుకొన్న పిల్లలలో కొందరికి, టీకా వేసిన అవయవమే చచ్చుబడసాగెను. ఏప్రిల్ 27వ తేదీన ఆ మందును ఉపసంహరించిరి. విచారింపగా, కొన్ని సీసాలలో వైరసు చావక సజీవముగా ఉన్నదని తేలెను. నిలువయుంచిన ద్రవములో అడుగున పేరుకొన్న మడ్డిలో వైరసు దాగియుండుటచే ఫార్మాల్డిహైడు దానిని అంటలేకపోయెను. ఆ మందు వలన, టీకా పొందిన వారిలోను, వారినుండి అంటుకొన్న వారిలోను కలిపి, సుమారు 200 మందికి పక్షవాతము కలిగెను; పదిమంది మరణించిరి.

బాధితులలో రెండు కుటుంబములవారు వేసిన దావాలు మొదట విచారణకు వచ్చెను. వారి పక్షమున మెల్విన్ బెల్లై అను ప్రసిద్ధ న్యాయవాది వాదించెను. 1958 జనవరిలో జ్యూరీ ఇచ్చిన తీర్పు చూచుటకు వింతగా తోచును. కంపెనీ నిర్లక్ష్యము చేసినట్లు రుజువు కాలేదని వారు చెప్పిరి. ఐనను, వ్యాధిని అరికట్టుటకని అమ్మిన మందే వ్యాధిని కలిగించినది గనుక, అమ్మినవాడు వస్తువును గూర్చి మాటలో చెప్పకున్నను ఇచ్చినట్లే భావింపదగిన హామీ భంగమైనదనిరి. ఆ రెండు కుటుంబములకు కలిపి 1,47,300 డాలర్లు ఇప్పించిరి. 1960లో అప్పీలు కోర్టు ఆ తీర్పును స్థిరపరచెను. తప్పు రుజువు కాకున్నను నష్టము తీర్పవలెనను సూత్రము టీకాల విషయమున అట్లు వేళ్ళూనెను.

ఇంచుమించు అదే కాలమున జర్మనీ మరియొక త్రోవ త్రొక్కెను. నిర్బంధముగా వేసిన మశూచి టీకా వలన కీడు పొందినవారికి రాజ్యమే పరిహారము చెల్లింపవలెనని 1953లో పశ్చిమ జర్మనీ అత్యున్నత న్యాయస్థానము తీర్పు చెప్పెను. అందరి మేలు కొరకు ఒకడు తనకు తెలియకయే త్యాగము చేసినపుడు, ఆ త్యాగభారమును అందరును మోయవలెనని దాని భావము. ఈ న్యాయమునకు మూలము 1794 నాటి ప్రష్యా ధర్మశాసనమందు కలదు. 1961లో అది చట్టరూపము దాల్చెను. 1979లో ఇంగ్లండు కూడ అట్టి చట్టము చేసి, తీవ్రమైన అంగవైకల్యము కలిగినవారికి మొదట 10,000 పౌండ్లు నిర్ణయించెను; తరువాత అది 1,20,000 వరకు పెరిగెను.

ఇచటనే ఒక చిక్కు కలదు. తాటిచెట్టుపై కాకి వ్రాలిన క్షణముననే పండు రాలెను, కాకియే రాల్చెనా? కాకతాళీయ న్యాయమని మన పెద్దలు చెప్పినది దీనినే. పసితనమున ఎన్నో వ్యాధులు తమంతట తామే బయలుపడును. టీకాలు వేయుటయు ఆ వయస్సుననే. 1988లో లండనులో కోరింతదగ్గు టీకా వలన శాశ్వతమైన మెదడు జబ్బు కలుగునని వేసిన దావాలో, అది రుజువు కాలేదని న్యాయమూర్తి తేల్చెను. 2006లో ఆస్ట్రేలియా పరిశోధకులు, టీకా వలననే మెదడు చెడినదని తలపబడిన 14 మందిని పరీక్షింపగా, 11 మందిలో మూర్ఛరోగమునకు కారణమైన జన్యులోపము కనబడెను. ఆ తల్లిదండ్రులు అబద్ధమాడలేదు. తాము చూచినది చెప్పిరి. కాని చూచిన వరుస వేరు, కారణము వేరు.

అమెరికాలో ఈ చిక్కు ముదిరెను. 1980 దశకమున కోరింతదగ్గు, కంఠసర్పి, ధనుర్వాతములకు కలిపి వేయు త్రిగుణ టీకాపై దావాలు వెల్లువెత్తెను. కొందరు తయారీదారులు ఆ వ్యాపారమునే వదలుకొనిరి. మందుకు కొరత ఏర్పడెను. అందుచే 1986లో కాంగ్రెసు కొత్త చట్టము చేసి, 1988 నుండి అమలుపరచెను. దాని ప్రకారము బాధితుడు మొదట ప్రత్యేక న్యాయాధికారుల ఎదుట అర్జీ పెట్టుకొనవలెను. పట్టికలో చెప్పిన కీడు, చెప్పిన గడువులో కలిగినచో, కారణము టీకాయేనని భావింతురు. నిర్లక్ష్యము నిరూపింప పనిలేదు. ఒక్కొక్క మోతాదుపై, అది నివారించు ఒక్కొక్క వ్యాధికి 75 సెంట్ల చొప్పున వసూలుచేయు పన్నుతో నిధి నిండును. అనగా టీకా వేయించుకొను ప్రతి బిడ్డయు, కీడు పొందిన బిడ్డకు ఒక చిల్లర నాణెము ఇచ్చినట్లే. ఇట్లు చెల్లించిన మొత్తము నేటికి 500 కోట్ల డాలర్లు దాటినది.

ఆ న్యాయాధికారులు అడిగిన వారికెల్ల ఇచ్చివేయలేదు. టీకాల వలన ఆటిజము కలిగెనని దాదాపు 5,000 కుటుంబములు అర్జీలు పెట్టగా, మాదిరి దావాలను విచారించి, 2009, 2010 సంవత్సరములలో ఆధారము లేదని త్రోసిపుచ్చిరి.

ఈ చరిత్రలో మాకు తోచిన నీతి ఒక్కటే. టీకాల మేలు అపారము. ఒకప్పుడు వీధివీధిన కనబడిన పోలియో నుండి మనదేశము విముక్తమైనదని 2014లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ధృవీకరించెను. కాని ఆ మేలు గొప్పదగుటచేతనే, దాని దారిలో పడిపోయిన అరుదైన బిడ్డను చూడనట్లు సాగిపోవుట తగదు. కీడు జరిగినచో ఒప్పుకొని ఆదుకొను రాజ్యమును ప్రజలు నమ్ముదురు. ఆ నమ్మకమే తల్లులను టీకా కేంద్రమునకు నడిపించును.