గుడ్డలోకి ఇంకిన సముద్రం

1952 వేసవిలో చిత్రకారిణి హెలెన్ ఫ్రాంకెంథేలర్ కెనడా తూర్పు తీరంలోని నోవా స్కోషియా, కేప్ బ్రెటన్ ప్రాంతాలు తిరిగింది. ఆరుబయట కూర్చుని కొండల్నీ సముద్రాన్నీ నీటిరంగుల్లో వేసింది. న్యూయార్క్‌కు తిరిగొచ్చాక అక్టోబర్ 26న ‘మౌంటెన్స్ అండ్ సీ’ చిత్రించింది. అప్పటికామెకు 24 ఏళ్లు నిండలేదు.

కాన్వాసును నేలమీద పరిచి చుట్టూ తిరుగుతూ రంగు చిమ్మడం చిత్రకారుడు జాక్సన్ పొలాక్ దగ్గర చూసిందే. ఆ రంగుతో ఏం చేయాలన్నది మాత్రం ఆమె సొంత ఆలోచన. మామూలుగా కాన్వాసుకు ముందు ప్రైమర్ పూస్తారు, రంగు లోపలికి దిగకుండా పైనే నిలవడానికి. ఆమె ఆ పూత మానేసింది. బొగ్గుతో అక్కడక్కడ గీతలు గీసి, టర్పెంటైన్‌తో బాగా పలచన చేసిన తైలవర్ణాన్ని కోరా నూలుగుడ్డ మీద పోసింది. తొలకరి జల్లును బీడునేల తాగినట్టు గుడ్డ రంగును తాగేసింది. దగ్గరికెళ్లి చూస్తే గులాబీ, నీలి మరకల అంచుల్లో నూనె విడిగా పాకి, పల్చటి వలయాలు కనిపిస్తాయి. దాదాపు మూడు మీటర్ల వెడల్పున్న ఆ బొమ్మలో ఇది కొండ, ఇది అల అని వేలుపెట్టి చూపలేం. ఆ తీరపు తడి, వెలుతురు మాత్రం ఉన్నాయి. నీటిరంగుల్లో చేతికబ్బిన స్వేచ్ఛే తైలవర్ణంలోకి వచ్చిందని నా నమ్మకం.

1953లో చిత్రకారులు మోరిస్ లూయిస్, కెనెత్ నోలండ్ ఆమె స్టూడియోకొచ్చి ఈ బొమ్మ చూశారు. వాళ్ల దారే మారిపోయింది. అందుకే కళాచరిత్రకారులు తరచూ ఆమెను పొలాక్‌కీ వాళ్లకీ మధ్య వంతెనగా చెబుతుంటారు. అది అన్యాయం. ఆ తర్వాత కూడా దాదాపు అర్ధశతాబ్దం ఆమె కొత్త దారులు వెతుకుతూనే ఉంది.

1960ల్లో ఆక్రిలిక్‌కు మారింది. నూనె వలయాలు పోయి, మరకల అంచులు తేటపడ్డాయి. 1963 నాటి ‘ది బే’లో పరుచుకున్న నీలం ఆ మార్పుకు మంచి సాక్ష్యం.

అన్నిటికన్నా సాహసం చెక్క అచ్చులది. పారే రంగుకు అలవాటుపడ్డ మనిషి, కదలని చెక్కతో పని మొదలుపెట్టింది. 1973లో ‘ఈస్ట్ అండ్ బియాండ్’ కోసం చెక్కను జిగ్‌సా రంపంతో ముక్కలుగా కోసి, ఒక్కోదానికి విడిగా రంగు పూసి అచ్చు తీయించింది. 2000లో వచ్చిన ‘మేడమ్ బటర్‌ఫ్లై’కి 46 చెక్క దిమ్మెలు, 102 రంగులు పట్టాయి. అంత చేసినా చూసేవాళ్లకు అది ఒక్కసారిగా కాగితం మీద ఒలికిన రంగులాగే కనిపిస్తుంది. అప్పుడామె వయసు 71.