పాత కారుకు ఉస్తాద్ ఎక్కడ?

చౌమహల్లా ప్యాలెస్‌లో పసుపుపచ్చ రోల్స్ రాయిస్ దగ్గర ఆగకుండా వెళ్లేవాళ్లు తక్కువ. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆర్డరిచ్చిన సిల్వర్ ఘోస్ట్ అది. 1911 ఆగస్టులో ఆయన కన్నుమూశారు. బండి వచ్చేసరికి గద్దె మీద ఉస్మాన్ అలీ ఖాన్ ఉన్నారు. సింహాసనంలాంటి సీటుతో బాడీ కట్టింది బార్కర్ కంపెనీ. తయారు చేసినవాళ్ల పేరు, ఎక్కినవాళ్ల పేరు మనకు తెలుసు. ఏళ్ల తరబడి దానికి ఆయిలు మార్చి, ఇంజన్ విప్పి బిగించినవాళ్ల పేర్లు మాత్రం నేనెక్కడా చదవలేదు. ఈ వ్యాసం వాళ్ల గురించి, వాళ్ల తర్వాతి తరాల గురించి.

హైదరాబాద్‌కు ఇంజన్ విద్య ముందు రైలుతో వచ్చింది. లాలాగూడలోని నిజాం రైల్వే వర్క్‌షాపు 1893 నాటిది. అదే నిజాం రైల్వే 1932 జూన్ 15న 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో రోడ్డు రవాణా శాఖను మొదలుపెట్టింది. నాటి ఆల్బియన్ బస్సు ‘డెక్కన్ క్వీన్’ను బస్ భవన్‌లో దాచి ఉంచారు. ఆల్బియన్ కంపెనీ ఉండేది స్కాట్లాండ్‌లో. సామాను ఓడలో రావాలి. అది వచ్చేదాకా బస్సును షెడ్డులో పెట్టుకోలేరు గనక, అరిగిన భాగాన్ని ఇక్కడే లేత్ మీద సరిచేసుకోక తప్పి ఉండదు. 1942లో ఆల్విన్, 1943లో ప్రాగా టూల్స్ వచ్చాక ఇనుముతో పనిచేసే చేతులు నగరంలో ఇంకా పెరిగాయి.

అలాంటి చేతుల్ని ఇప్పుడు వెతకాలంటే గుడిమల్కాపూర్ వైపు రావాలి. ఆ పేరెత్తితే ఇప్పుడందరికీ పూల మార్కెట్టే గుర్తొస్తుంది. అంతకన్నా పాతది జాంసింగ్ బాలాజీ గుడి. దాన్ని కట్టించిన జాంసింగ్ మూడో నిజాం సికందర్ జా అశ్వదళంలో అధికారి. గుర్రాలు పోయాయి, బండ్లు వచ్చాయి. తెల్లవారకముందే బంతి, చామంతి దింపడానికి వచ్చే వ్యాను దారిలో మొరాయిస్తే, ఎండ ఎక్కేలోపు సరుకు వాడిపోతుంది. ‘రేపు రండి’ అనే మెకానిక్‌తో ఇక్కడ పని జరగదు. ఇటు మెహదీపట్నం, అటు ఆసిఫ్‌నగర్, కార్వాన్. ఈ చుట్టుపక్కల రేకుల షెడ్డు వేసుకున్న మెకానిక్కుల్లో నెరిసిన గడ్డం, నల్లబడిన గోళ్లు కనిపిస్తే, పాత కారున్నవాళ్లు ఒక నిమిషం ఆగి మాట కలపాలి.

ఏం చూసి ఉస్తాద్ అని, అంటే పెద్ద మెకానిక్ అని గుర్తుపట్టాలి? పానా పట్టకముందే ఆయన ప్రశ్నలడుగుతాడు. పొద్దున చోక్ లాగితేనే స్టార్ట్ అవుతోందా? మిస్సింగ్ ఎక్కువా, పికప్ తక్కువా? ఆ తర్వాత ఇంజన్ ఆన్ చేయించి వింటాడు. అంబాసిడర్ పాత 1489 సీసీ ఇంజన్‌కైనా, పద్మిని 1089 సీసీ ఇంజన్‌కైనా ఫైరింగ్ ఆర్డర్ 1-3-4-2. అది పుస్తకంలో ఉంటుంది. డెల్కోను (డిస్ట్రిబ్యూటర్‌ను) ఎక్కడిదాకా తిప్పితే ఇంజన్ కుదురుకుంటుందో మాత్రం చెవికే తెలియాలి. టాపెట్ చప్పుడు కొద్దిగా వినిపించాలి. బొత్తిగా వినిపించకపోతే వాల్వు సరిగ్గా మూసుకోక కాలిపోతుంది. చప్పుడే లేకుండా చేసిచ్చాడని మురిసిపోయే యజమానులున్నారు, పాపం. మే నెల ట్రాఫిక్‌లో బండి ఆగిపోతే, కార్బ్యురేటర్ జోలికి పోకుండా పెట్రోలు పంపు మీద తడిగుడ్డ వేయించేవాడు అసలు మనిషి. పైపులో పెట్రోలు ఆవిరై అడ్డుపడిందని ఆయనకు తెలుసు. ఇప్పుడు పెట్రోల్లో 20 శాతం ఇథనాల్ కలుస్తోంది. పాత రబ్బరు పైపులు, పంపు డయాఫ్రం దానికి తట్టుకోవు. వాటిని మార్చుకోమని మనం అడక్కుండానే చెప్పాలి.

ఒక్కడే అన్నీ చేయడు కూడా. లేత్ వర్క్‌కు ఎవరు, రేడియేటర్ అతుక్కి ఎవరు, డైనమో చుట్టడానికి ఎవరు, కమాన్ పట్టీలు వంచడానికి ఎవరు అన్నది ఆయన నోటి మీద ఉంటుంది. సామాను కోసం పుత్లీబౌలీ, రాణిగంజ్ తిరిగి తెస్తాడు. దొరక్కపోతే పాతదాన్నే బాగుచేయిస్తాడు. నా మటుకు, ఎన్ని కార్లు బాగుచేశావని కాదు, ఎవరెవరితో పని చేయిస్తావని అడగడమే సరైన ప్రశ్న.

ఇక్కడొక చిక్కుంది. 2021లో కేంద్రం వింటేజ్ వాహనాలకు వేరే రిజిస్ట్రేషన్ పెట్టింది. 50 ఏళ్లు దాటాలి, నంబరులో ‘వీఏ’ అక్షరాలు వస్తాయి, కొత్త రిజిస్ట్రేషన్‌కు రుసుము 20 వేల రూపాయలు. అలాంటి బండి రోజూ రోడ్డెక్కకూడదు. అది సంపన్నుల ముచ్చట. నాన్న కొన్న 1990ల మారుతి 800ను, తాతగారి అంబాసిడర్‌ను ఇంకా వాడుకుంటున్నవాళ్ల మాటేమిటి? ఆ రెండు కార్ల తయారీ 2014లోనే ఆగిపోయింది. కొత్తగా పని నేర్చుకున్న కుర్రాడికి స్కానర్ తగిలిస్తేనే జబ్బు తెలుస్తుంది. ఈ బండ్లలో చాలావాటికి స్కానర్ తగిలించే చోటే లేదు.

వెనకటి ఉస్తాదులు చాలామంది పదీ పన్నెండేళ్లకే షెడ్డులో చేరి, పానాలు అందిస్తూ, దెబ్బలు తింటూ నేర్చుకున్నవాళ్లు. ఆ పద్ధతి మళ్లీ రావాలని నేను కోరను. పిల్లలు బడిలోనే ఉండాలి. అయితే ఆ విద్యకు మరో దారి వేయకుండా పాత దారి మూసుకుపోతోంది. ఉస్తాదుల కొడుకులు ఏసీ పనికో, గల్ఫ్‌కో వెళ్తున్నారు. అందులో తప్పేమీ లేదు. షెడ్డు అద్దె కూడా రాని పనిని వాళ్లెందుకు పట్టుకుని ఉండాలి?

గుడిమల్కాపూర్‌కు దగ్గర్లోనే మల్లేపల్లి ప్రభుత్వ ఐటీఐ ఉంది. ఉస్తాద్ దగ్గర సర్టిఫికెట్ లేదు గనక అక్కడ పాఠం చెప్పే అర్హత కాగితం మీద లేదు. ఆ ఒక్క నిబంధనను సడలించాలి. ఒక పాత పద్మిని ఇంజన్‌ను బల్ల మీద పెట్టి, పిల్లల చేతే విప్పించి, తిరిగి బిగించి స్టార్ట్ చేసేదాకా ఆయన్ను పక్కన కూర్చోబెట్టాలి. అందుకు ఆయనకు రోజు కూలి కాదు, బోధకుడి జీతం ఇవ్వాలి.