అద్దె సమ్మె: ఓడిన నగరం, గెలిచిన నగరం

ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లకి కూలి పెంచమని సమ్మె చేయడం పెద్ద నగరాల్లో కొత్తేమీ కాదు. అద్దె కట్టబోమని సమ్మె చేయవచ్చన్న ఆలోచన మాత్రం అప్పుడప్పుడే ఊపందుకుంది. న్యూయార్క్ లోయర్ ఈస్ట్ సైడ్‌లోని యూదు వలస కుటుంబాలు 1904లో ఆ పని చేశాయి. 1907 చివర్లో పాలిన్ న్యూమన్ అనే యువ కార్మికురాలి చొరవతో వేల కుటుంబాలు మళ్లీ అద్దె ఆపాయి. కొందరికి అద్దె తగ్గింది. అంతకు మించి ఏమీ మారలేదు.

అదే ఏడాది బ్యూనస్ ఎయిర్స్‌లో లక్షమందికి పైగా అద్దె ఆపేశారు. గదికో కుటుంబం, అందరికీ ఒకే లోగిలి ఉండే ఇరుకిళ్లు వాళ్లవి. ఆడవాళ్లు, పిల్లలు చీపుళ్లు పట్టి ఊరేగారు కాబట్టి అది 'చీపుళ్ల సమ్మె'గా పేరుపడింది. పోలీసులు ఇళ్లు ఖాళీ చేయించారు. వలస వచ్చిన నాయకులను 1902 నాటి చట్టం కింద దేశం దాటించారు. ఏడాది తిరిగేలోగా ఉద్యమం చల్లారిపోయింది.

బ్రిటన్‌లోని గ్లాస్గోలో కథ మరోలా నడిచింది. మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తున్న 1915లో ఆయుధ కర్మాగారాలకు జనం పోటెత్తడంతో యజమానులు అద్దెలు పెంచారు. మగవాళ్లు యుద్ధానికో, కార్ఖానాకో వెళ్తే, గోవన్ ప్రాంతంలో మేరీ బార్బర్ వంటి గృహిణులు కాపలాకు దిగారు. కోర్టు అమీనా కనబడగానే గంట మోగేది. మెట్లన్నీ ఆడవాళ్లతో నిండిపోయేవి. అతని మీద పిండి కుమ్మరించేవారు. నవంబరు నాటికి సుమారు 20,000 కుటుంబాలు అద్దె ఆపాయి. 17న కొందరిని కోర్టుకు ఈడిస్తే ఓడలు కట్టే కార్మికులు పనులాపి కోర్టు ముందుకు తరలివచ్చారు. కేసులు వీగిపోయాయి. డిసెంబరులో చిన్న ఇళ్ల అద్దెలను యుద్ధానికి ముందున్న స్థాయి దగ్గర కట్టడి చేస్తూ, అద్దె కడుతున్నవారిని ఊరికే వెళ్లగొట్టకుండా చట్టం వచ్చింది.

ఐక్యతలో బ్యూనస్ ఎయిర్స్ తీసిపోలేదు. తేడా అల్లా, యుద్ధవేళ ఓడల నిర్మాణం ఆగితే బ్రిటిష్ ప్రభుత్వానికి గడవదు. అద్దె ఆపడం యజమానినే ఇబ్బంది పెడుతుంది. పని కూడా ఆగితేనే పాలకులు కదిలారు.

యుద్ధకాలపు ఇళ్ల కొరతే బొంబాయిలోనూ 1918లో అద్దె నియంత్రణ చట్టాన్ని తెచ్చింది. న్యాయమైన అద్దె నిర్ణయించడం, చట్టం చెప్పిన కారణం ఉంటే తప్ప ఖాళీ చేయించకపోవడం అనే సూత్రాలే మన 1960 ఆంధ్రప్రదేశ్ అద్దె నియంత్రణ చట్టానికీ ఆధారమయ్యాయి.