మాక్‌బెత్: చరిత్రలో రాజు, నాటకంలో హంతకుడు

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని సంఘం మిత్రులు అడిగినప్పుడు, ఇప్పుడు చదువుకుంటున్న పిల్లలకు పనికొచ్చేది రాస్తానని ఒప్పుకున్నాను. మన బడిలో చదివి, ఆ తర్వాత చాలా ఏళ్లు కళాశాలలో ఇంగ్లీషు సాహిత్యం బోధించాను. దాదాపు ప్రతి ఏడూ చెప్పిన పాఠాల్లో షేక్‌స్పియర్ విషాద నాటకం 'మాక్‌బెత్' ఒకటి. పరీక్షల్లో ఈ నాటకం గురించి 'అత్యాశ మనిషిని నాశనం చేస్తుంది' అన్న ఒక్క ముక్కనే పది రకాలుగా తిప్పి రాసే విద్యార్థులు ఎక్కువ. ఆ మాట నిజమే. అయితే అంతమాత్రానికి నాటకం ఎందుకు, చిన్న నీతికథ చాలు. ఈ నాటకం వెనక ఒక అసలు చరిత్ర ఉంది. ఆ చరిత్రను నాటకకర్త ఎక్కడెక్కడ మార్చాడో గమనిస్తే, ఆయన ఏం చెప్పదలచుకున్నాడో మనకే తెలుస్తుంది.

కథ తెలియనివాళ్ల కోసం ముందు నాలుగు మాటలు. స్కాట్లండ్ సేనాని మాక్‌బెత్ యుద్ధం గెలిచి వస్తుంటే ముగ్గురు మంత్రగత్తెలు ఎదురై, నువ్వు రాజువవుతావని చెబుతారు. తోటి సేనాని బాంకోతో, నువ్వు రాజువు కాకపోయినా నీ వంశంవాళ్లు రాజులవుతారని అంటారు. భార్య పురిగొల్పగా మాక్‌బెత్, తన ఇంటికి అతిథిగా వచ్చిన ముసలి రాజు డంకన్‌ను నిద్రలో పొడిచి చంపుతాడు. గద్దెనెక్కాక బాంకోను చంపిస్తాడు. మాక్‌డఫ్ అనే ప్రభువు భార్యాబిడ్డలనూ చంపిస్తాడు. భార్య మతి చెడి చనిపోతుంది. చివరికి డంకన్ కొడుకు మాల్కమ్ ఇంగ్లండు సేనతో దండెత్తి వస్తాడు. ఆ యుద్ధంలో మాక్‌డఫ్ చేతిలో మాక్‌బెత్ చస్తాడు.

ఇక అసలు చరిత్ర. పదకొండో శతాబ్దంలో మాక్‌బెత్ స్కాట్లండ్ ఉత్తరాన ఉన్న మోరే ప్రాంతానికి పాలకుడు. తండ్రి తర్వాత పెద్ద కొడుకే రాజు అనే నియమం అప్పటికి అక్కడ స్థిరపడలేదు. రాజవంశపు శాఖల్లో సమర్థుడైన మగవాడికి రాజ్యం దక్కేది. చాలాసార్లు అది ఒక శాఖ నుంచి మరో శాఖకు మారుతుండేది. 1034లో రెండో మాల్కమ్ చనిపోగా, ఆయన కూతురి కొడుకు డంకన్ రాజయ్యాడు. ఈ డంకన్ ముసలివాడు కాడు, యువకుడు. ఇంగ్లండులోని డరమ్‌ను ముట్టడించి ఓడిపోయి వచ్చాడు. 1040లో సేనతో మోరే మీదికి వెళ్లి, ఎల్గిన్ దగ్గర మాక్‌బెత్‌తో జరిగిన పోరులో చనిపోయాడు. ఆ చావులో పడకగది లేదు, అతిథి మర్యాద లేదు.

ఆ తర్వాత మాక్‌బెత్ 17 ఏళ్లు రాజ్యమేలాడు. 1050లో రోము యాత్ర చేసి అక్కడ పేదలకు డబ్బు వెదజల్లాడని ఆ శతాబ్దపు చరిత్రకారుడే రాశాడు. రాజు గద్దె వదిలి అంత దూరం వెళ్లగలిగాడంటే ఇంట్లో పరిస్థితి నిబ్బరంగానే ఉండి ఉండాలి. ఆయన భార్య పేరు గ్రూఓక్. ఆమే రాజవంశపు స్త్రీ. దంపతులిద్దరూ కలిసి లోక్ లెవెన్ సన్యాసులకు భూమి దానం చేశారు. 1057లో లంఫానన్ దగ్గర మాల్కమ్ సేనలతో పోరాడి మాక్‌బెత్ చనిపోయాడు. అప్పటికీ మాల్కమ్ రాజు కాలేదు. గ్రూఓక్‌కు మొదటి భర్త వల్ల కలిగిన కొడుకు లూలక్ గద్దెనెక్కాడు. కొన్ని నెలలకు అతనూ హతుడయ్యాకే మాల్కమ్‌కు రాజ్యం దక్కింది.

మరి ఇలాంటి రాజు రాక్షసుడెలా అయ్యాడు? మాల్కమ్ సంతతి ఆ తర్వాత రెండు శతాబ్దాలకు పైగా స్కాట్లండును ఏలింది. గెలిచిన వంశానికి, ఓడిన రాజు దొంగరాజుగా ఉండటమే సౌకర్యం. తరం తరం కథకు కల్పనలు చేరాయి. 1527లో హెక్టర్ బోయిస్ లాటిన్‌లో అచ్చువేసిన స్కాట్లండ్ చరిత్రతో బాంకో కథలోకి వచ్చాడు. అలాంటి మనిషి నిజంగా ఉన్నాడనడానికి ఆధారాలు లేవు. బోయిస్ కథ హోలిన్‌షెడ్ ఇంగ్లీషు చరిత్రలోకి ఎక్కింది. ఆ గ్రంథం 1587 నాటి రెండో ముద్రణ షేక్‌స్పియర్‌కు ఆధారం.

ఇప్పుడు నాటకం పుట్టిన కాలానికి వద్దాం. 1603లో ఎలిజబెత్ రాణి సంతానం లేకుండా చనిపోగా, స్కాట్లండ్ రాజు జేమ్స్ ఇంగ్లండుకూ రాజయ్యాడు. షేక్‌స్పియర్ నాటక సమాజాన్ని తన పోషణలోకి తీసుకొని 'రాజు గారి నటులు' అన్న హోదా ఇచ్చాడు. మంత్రగత్తెలంటే ఆయనకు భయమూ ఆసక్తీ రెండూ ఉన్నాయి. 1597లో వాళ్ల గురించి స్వయంగా పుస్తకమే రాశాడు. ఆయన స్టూవర్ట్ వంశం బాంకో నుంచే వచ్చిందని అప్పట్లో నమ్మేవారు. 1605 నవంబరు 5న పార్లమెంటు భవనం కింద దాచిన 36 పీపాల తుపాకిమందు పట్టుబడింది. రాజునూ సభనూ ఒకేసారి పేల్చేయాలన్న కుట్ర అది. దేశమంతా ఉలిక్కిపడి ఉన్న ఆ రోజుల్లోనే, 1606 ప్రాంతంలో, ఈ నాటకం తయారైందని పండితుల అభిప్రాయం.

షేక్‌స్పియర్ చేసిన మార్పుల్లో మూడు ముఖ్యం.

మొదటిది డంకన్ హత్య. యుద్ధంలో చావును ఆయన నిద్రలో హత్యగా మార్చాడు. హోలిన్‌షెడ్‌లోనే డఫ్ అనే మరో రాజు కథ ఉంది. అతిథిగా ఉన్న ఆ రాజును కోట అధికారి డోనవాల్డ్, భార్య మాట విని చంపిస్తాడు. ఆ కథను తెచ్చి మాక్‌బెత్‌కు అతికించాడు. యుద్ధంలో చంపినవాడికి నిద్ర పడుతుంది. నమ్మి నిద్రపోయిన చుట్టాన్ని చంపినవాడికి పట్టదు. నాటకంలో నిద్ర గురించి అన్ని మాటలు రావడానికి, రాణి నిద్రలో నడుస్తూ చేతులు కడుక్కునే ఘట్టానికి మూలం ఈ మార్పే.

రెండోది కాలం. మాక్‌బెత్ పదేళ్లు మంచి చట్టాలతో పాలించాడని హోలిన్‌షెడ్ కూడా ఒప్పుకున్నాడు. నాటకంలో ఆ పదేళ్లు లేవు. ఒక హత్య కప్పిపుచ్చడానికి ఇంకొకటి, దాని వెనకే మరొకటి. పాపానికీ ఫలితానికీ మధ్య ఊపిరి తీసుకునే వ్యవధి ఇవ్వలేదు. అందుకే షేక్‌స్పియర్ విషాద నాటకాలన్నింటిలో ఇది చిన్నది, వేగమైనది.

మూడోది బాంకో. హోలిన్‌షెడ్‌లో అతను డంకన్ హత్యలో మాక్‌బెత్‌కు తోడుదొంగ. రాజు గారి పూర్వీకుణ్ణి రాజు గారి నటులు అలా చూపించగలరా? నాటకంలో అతనికి హత్యతో సంబంధం లేదు. అతని సంతతి రాజులు ఎనిమిది మంది ఊరేగింపుగా కనిపించే దృశ్యం కూడా ఉంది. ఇది పోషకుణ్ణి మెప్పించడమే. కానీ జాగ్రత్తగా చదవండి. మాక్‌బెత్ అక్రమంగా గద్దెనెక్కాడని బాంకోకు అనుమానం ఉంది. ఆ అనుమానాన్ని ఎవరితోనూ చెప్పడు. మంత్రగత్తెల మాట తన విషయంలోనూ నిజమవుతుందేమో అని ఆశపడతాడు. రాజు గారి ముత్తాతను కడిగి తెల్లగా చేస్తూనే, మౌనం అనే చిన్న మరకను నాటకకర్త ఉండనిచ్చాడు. విద్యార్థులు ఈ నాటకంలో నేర్చుకోవలసిన సూక్ష్మాల్లో ఇది గొప్పదని నా అభిప్రాయం.

ఇంకో సంగతి. తుపాకిమందు కుట్ర కేసులో హెన్రీ గార్నెట్ అనే మతగురువుకు 1606లో మరణశిక్ష పడింది. అబద్ధం ఆడకుండానే ఎదుటివాడు తప్పుగా అర్థం చేసుకునేలా మాట్లాడవచ్చన్న వాదాన్ని ఆయన సమర్థించాడని పెద్ద గొడవ జరిగింది. కురుక్షేత్రంలో అశ్వత్థామ గురించి ధర్మరాజు అన్న మాట తెలిసిన మనకు ఇది కొత్త కాదు. కోట కాపలావాడు తాగిన మైకంలో ఇలాంటి మెలిక మాటలవాళ్ల మీద చతుర్లాడినప్పుడు, ప్రేక్షకులకు గార్నెట్ గుర్తొచ్చే ఉంటాడు. మంత్రగత్తెల జోస్యాలూ ఇదే తీరు. అడవి కదిలొచ్చేదాకా నీకు ఓటమి లేదంటారు. సైనికులు కొమ్మలు పట్టుకొని నడిచి వస్తారు. జోస్యం అబద్ధం కాలేదు, విన్నవాడు తనకు నచ్చిన అర్థం తీసుకున్నాడు. రాజువవుతావన్నారే గాని, చంపమని మంత్రగత్తెలు ఎక్కడా చెప్పలేదు. ఆ నిర్ణయం మాక్‌బెత్‌ది. విధి ఎంత, మనిషి బాధ్యత ఎంత అన్న ప్రశ్నకు జవాబు రాసేటప్పుడు ఈ విషయం మరవకండి.

పిల్లలూ, నాటకం చరిత్రను తారుమారు చేసింది కదా అని దాన్ని పక్కన పెట్టకండి. అపరాధం చేసినవాడి మనసులో ఏం జరుగుతుందో తెలుసుకోవాలంటే నాటకమే చదవాలి. మోరే పాలకుడు మాక్‌బెత్ ఎలాంటివాడో తెలుసుకోవాలంటే మాత్రం చరిత్రే చదవాలి. ఏ పుస్తకం పట్టుకున్నా, అది రాసిన రోజున గద్దె మీద ఎవరున్నారు, ఎవరి వంశంవాళ్లు చదివేవారు అని ఒకసారి అడగండి.

ఈ సంచికలో మనమూ చరిత్రే రాస్తున్నాం. మొదటి ర్యాంకులు తెచ్చుకున్నవాళ్లు, పెద్ద ఉద్యోగాలకు వెళ్లినవాళ్లు, విరాళాలిచ్చినవాళ్లు ఇందులో తప్పక ఉంటారు, ఉండాలి కూడా. వాళ్లతోపాటు గంట కొట్టిన అటెండరు, ఏడో తరగతితో చదువు మానేసి పొలానికి వెళ్లిన మన బెంచీ మిత్రులు కూడా ఈ బడి చరిత్రలో భాగమే. వాళ్ల పేర్లు గుర్తున్నవాళ్లు ఇప్పుడే రాసి సంఘానికి ఇవ్వండి. లూలక్ రాజై కొన్ని నెలలు ఏలినా నాటకంలో అతనికి చోటు దొరకలేదు. మన పుస్తకంలో అలా జరగకూడదు.