ఇంటింటి వెండితెర: కేసెట్ నుంచి బ్లూ-రే దాకా



పుదుచ్చేరిలోని గోరిమేడు పేరు చెప్పగానే మనకు గుర్తుకు వచ్చేది జిప్మర్ వైద్య సంస్థ. 1823లో ఫ్రెంచి వారు పుదుచ్చేరిలో స్థాపించిన వైద్య పాఠశాల దాని మూలం. యానాం నుంచి, ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాల నుంచి వెళ్లిన తెలుగు విద్యార్థులు అక్కడ చదువుకుంటూ ఉంటారు. వైద్య విద్యార్థి ఎవరైనా నేర్చుకునే సంగతి ఒకటుంది. ఎక్స్‌రే తీసినప్పుడు ఫిల్ముపై పడని పగులును ఆ తరువాత ఎంత పెద్ద భూతద్దం పెట్టి వెతికినా చూడలేము. భూతద్దం ఉన్నదాన్ని పెద్దది చేస్తుందే గాని, లేనిదాన్ని పుట్టించదు. ఈ సూత్రాన్ని మనసులో ఉంచుకొని, ఇంట్లో సినిమా చూడటమనే అలవాటు చరిత్రను ఈ పాఠంలో పరిశీలిద్దాం.

సినిమాను ఇంటికి తెచ్చే ప్రయత్నం కొత్తదేమీ కాదు. ఫ్రాన్సులోని పాథే సంస్థ 1922లోనే 9.5 మిల్లీమీటర్ల సన్నని ఫిల్ముతో ఇళ్లలో వాడుకొనే ప్రొజెక్టరును విడుదల చేసింది. కాని అది సంపన్నుల వినోదంగానే మిగిలింది. సామాన్యుని ఇంటికి సినిమా వచ్చింది మాత్రం అయస్కాంత టేపు ద్వారానే. 1975లో సోనీ బీటామాక్స్‌ను, 1976లో జేవీసీ వీహెచ్ఎస్‌ను తెచ్చాయి. ఈ పోటీలో చివరకు వీహెచ్ఎస్ నిలిచింది.

మన దేశంలో 1982లో దూరదర్శన్ రంగుల ప్రసారాలు మొదలుపెట్టింది. ఆ దశాబ్దంలోనే వీసీఆర్ ఊళ్లలోకి వచ్చింది. దాన్ని కొనగలిగిన వారు తక్కువ. ఒక రాత్రికి టీవీతో సహా అద్దెకు తెచ్చి, వాకిట్లో పెట్టి, వీధివారంతా తెల్లవార్లూ రెండు మూడు సినిమాలు చూసిన రోజులవి. మీ తాతయ్యనో నాయనమ్మనో అడగండి, కథలుకథలుగా చెబుతారు. దొంగ కేసెట్ల బెడద పెరగడంతో ప్రభుత్వం 1984లో కాపీరైటు చట్టాన్ని సవరించవలసి వచ్చింది.

ఆ తరువాత వచ్చినవి డిస్కులు. వీసీడీ 1993లో, డీవీడీ 1996లో, బ్లూ-రే 2006లో వెలువడ్డాయి. మూడూ చూడటానికి ఒకే సైజు, 12 సెంటీమీటర్ల పళ్లేలు. మరి తేడా ఎక్కడ వచ్చింది? వాటిని చదివే కాంతిలో వచ్చింది. డిస్కుపై సమాచారం సూక్ష్మమైన గుంటల రూపంలో ఉంటుంది. కాంతి తరంగదైర్ఘ్యం ఎంత తక్కువైతే లేజరును అంత చిన్న చుక్కగా కేంద్రీకరించవచ్చు. అప్పుడు గుంటలను మరింత చిన్నవిగా, మరింత దగ్గరగా పేర్చవచ్చు. వీసీడీకి వాడినది 780 నానోమీటర్ల పరారుణ లేజరు, డీవీడీకి 650 నానోమీటర్ల ఎర్ర లేజరు, బ్లూ-రేకి 405 నానోమీటర్ల నీలి ఊదా లేజరు. అందువల్లనే వీసీడీలో సుమారు 700 మెగాబైట్లు పడితే, డీవీడీ ఒక పొరలో 4.7 గిగాబైట్లు, బ్లూ-రే ఒక పొరలో 25 గిగాబైట్లు పట్టాయి.

బొమ్మలో ఈ తేడా ఎలా కనిపిస్తుందో లెక్క వేద్దాం. మన దేశంలో వాడిన పద్ధతిలో వీసీడీ బొమ్మలో 352×288, అంటే లక్షకు కొంచెం పైగా చుక్కలు ఉంటాయి. డీవీడీలో 720×576, అంటే 4,14,720. బ్లూ-రేలో 1920×1080, అంటే 20,73,600. ఇది డీవీడీకి సరిగ్గా 5 రెట్లు, వీసీడీకి సుమారు 20 రెట్లు.

బ్లూ-రేకు కూడా పోటీ లేకపోలేదు. తోషిబా నాయకత్వంలో హెచ్‌డీ డీవీడీ అనే మరో డిస్కు 2006లోనే వచ్చింది. 2008 ఫిబ్రవరిలో తోషిబా తప్పుకోవడంతో ఆ పోరు ముగిసింది. ఆ డిస్కును నమ్మి యంత్రం కొన్న వారికి నష్టం మిగిలింది. మన దేశంలో అదే కాలంలో వేరొక మార్పు జరిగింది. 2007లో మోజర్ బేర్ సంస్థ సినిమా వీసీడీని 28 రూపాయలకు, డీవీడీని 34 రూపాయలకు అమ్మడం ప్రారంభించింది. ఇక్కడి కుటుంబాలకు మేలైన బొమ్మ కంటే అందుబాటు ధరే ముఖ్యమైంది.

ఇప్పుడు మనం మొదట చెప్పుకొన్న భూతద్దం దగ్గరకు వద్దాం. మేలైన యంత్రం కొంటే ప్రతి సినిమా మేలుగా కనిపిస్తుందా? కనిపించదు. 1957లో కె.వి. రెడ్డి దర్శకత్వంలో వచ్చిన ‘మాయాబజార్’ను మార్కస్ బార్ట్లే 35 మిల్లీమీటర్ల ఫిల్ముపై చిత్రీకరించారు. బాగా భద్రపరచిన అటువంటి నెగెటివులో డీవీడీ చూపగలిగిన దానికంటే ఎక్కువ వివరం దాగి ఉంటుంది. దాన్ని జాగ్రత్తగా స్కాన్ చేస్తే హై డెఫినిషన్ తెరపై ఆ వివరం బయటకు వస్తుంది. ఎన్నో ఏళ్ల తరువాత మామూలు వీడియో టేపుపై తీసిన ధారావాహికలో మాత్రం అంత వివరం మొదటినుంచీ లేదు. కనుక ముందటి తరం సినిమా, తరువాతి తరం వీడియో కంటే స్పష్టంగా కనిపించడం వింతేమీ కాదు.

అయితే మెరుగుపరచడం వేరు, మార్చడం వేరు. ‘మాయాబజార్’ రంగుల రూపం 2010 జనవరి 30న విడుదలైంది. అందులో రంగులు అద్దారు, శబ్దాన్ని కొత్తగా తీర్చారు, బొమ్మను వెడల్పు తెరకు అనుగుణంగా మార్చారు, నిడివి తగ్గించారు. ఆ రూపం కొత్త ప్రేక్షకులను తెచ్చింది. అయినా 1957లో జనం చూసినది ఏమిటో తెలియాలంటే నలుపు తెలుపు ప్రతే ఆధారం. చరిత్ర విద్యార్థి రెండు ప్రతులనూ వేరువేరు సాక్ష్యాలుగా చూడాలి.

అసలు ప్రతే లేకపోతే? 1921 నాటి మూగచిత్రం ‘భీష్మ ప్రతిజ్ఞ’ నేడు లేదు. 1932లో హెచ్.ఎం. రెడ్డి తీసిన తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ కూడా లేదు. ఆనాటి నైట్రేటు ఫిల్ము సులభంగా అంటుకొనేది, నిలవ ఉంచితే పాడయ్యేది. పుణెలో జాతీయ చలనచిత్ర భాండాగారం ఏర్పడింది 1964లో. అప్పటికే ఎన్నో పోయాయి. వాటిని చూపగల యంత్రాన్ని ఎవరూ కొనలేరు.

డిస్కుల కాలమూ వెనుకబడింది. వీసీఆర్ తయారీని చివరి వరకు కొనసాగించిన జపాన్ సంస్థ ఫునాయ్ 2016లో దాన్ని ఆపివేసింది. శాంసంగ్ కొత్త బ్లూ-రే యంత్రాలను తేవడం 2019లో మానుకుంది. సోనీ 2025లో రికార్డింగుకు వాడే బ్లూ-రే డిస్కుల ఉత్పత్తిని నిలిపివేసింది. ఇప్పుడు ఎక్కువ మంది సినిమాను ఇంటర్నెట్ ద్వారా చూస్తున్నారు. అక్కడ ఒప్పందం గడువు ముగిస్తే సినిమా కనిపించకుండా పోవచ్చు. అల్మారాలోని డిస్కును మాత్రం ఎవరూ వెనక్కు తీసుకోరు.

విద్యార్థులారా, ఈ చరిత్రలో మీ ఇంటికీ భాగం ఉంది. బీరువా అడుగున అమ్మానాన్నల పెళ్లి కేసెట్ ఉండవచ్చు. అందులో ఇప్పుడు లేని తాతయ్య నడుస్తూ, నవ్వుతూ ఉండవచ్చు. ఆ టేపుపై అయస్కాంత పూత ఏటేటా బలహీనపడుతుంది, దాన్ని చూపే యంత్రాలూ తగ్గిపోతున్నాయి. ముందుగా ఆ పెట్టెపై పేర్లు, తేదీ, ఊరు రాయండి. పనిచేసే వీసీఆర్ ఉన్నవారి దగ్గర డిజిటల్ ప్రతి తీయించండి. ఆ ప్రతిని రెండు చోట్ల దాచండి, పాత కేసెట్‌ను మాత్రం పారేయకండి. కొత్త టీవీని ఎప్పుడైనా కొనుక్కోవచ్చు. ఆ కేసెట్ లోని బొమ్మ చెరిగిపోతే మళ్లీ తీయడానికి ఆ పెళ్లి మళ్లీ జరగదు.